ల్యాబ్ రికార్డులో కొట్టివేతలు ఎందుకు ఉండవు?

2023 జులై ఆఖరులో ఫిజిక్స్ తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఒకే రాయి గురించి మాట్లాడుకున్నారు. దక్షిణ కొరియాలో సుక్‌బే లీ, జీ-హూన్ కిమ్‌ల బృందం జులై 22న రెండు పేపర్లు, పరిశోధకులు తమ పేపర్లని నేరుగా పెట్టుకునే ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టింది. సీసం, రాగి, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన తమ పదార్థం మామూలు గాలి పీడనంలోనే, 127 డిగ్రీల సెల్సియస్ దాకా సూపర్‌కండక్టర్‌గా ఉంటుందని, అంటే ఏమాత్రం నిరోధం లేకుండా కరెంటును పోనిస్తుందని అందులో రాశారు. దాని పేరు ఎల్‌కే-99. ఒక అంచు అయస్కాంతానికి ఆని, రెండో అంచు గాల్లోకి లేచి ఉన్న చిన్న ముక్క వీడియో ఫోన్లలో తెగ తిరిగింది. అదే నిజమైతే కరెంటు లైన్లలో నష్టాలుండవు, ఎమ్మారై మిషన్లకి ద్రవ హీలియం అక్కర్లేదు. నాకు తెలిసిన ఫిజిక్స్ వాళ్లెవరికీ ఆ వారం సరిగ్గా నిద్రపట్టలేదు.

నెల తిరక్కముందే అది సూపర్‌కండక్టర్ కాదని తేలిపోయింది. దాన్ని తేల్చిన తీరుకీ, మన పిల్లల ప్రాక్టికల్ పరీక్షకీ చాలా దగ్గరి సంబంధం ఉంది. ఇంజనీరింగ్ ఫస్టియర్‌కి ఫిజిక్స్ ల్యాబ్ చెప్తాను కాబట్టి ఆ సంబంధం నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

కొరియా వాళ్ల డేటాలో 104.8 డిగ్రీల దగ్గర నిరోధకత ఒక్కసారిగా పది రెట్లు పడిపోయింది. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త ప్రశాంత్ జైన్‌కి ఆ అంకె చూడగానే అనుమానం వచ్చింది. కాపర్ సల్ఫైడ్‌తో పనిచేసిన అనుభవం ఉన్న మనిషి ఆయన. కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల దగ్గర తన స్ఫటిక నిర్మాణం మార్చుకుంటుంది, దాంతోపాటు నిరోధకతా మారిపోతుంది. ఇక ఎల్‌కే-99 తయారీ సమీకరణం తీసి లెక్క వేస్తే, అసలు పదార్థం ఒక పాలు వచ్చినప్పుడు 17 పాళ్లు రాగి, 5 పాళ్లు గంధకం మిగిలిపోతున్నాయి. కొలిమిలో ఆ రెండూ కలిస్తే వచ్చేది కాపర్ సల్ఫైడే. అంటే గ్రాఫులో కనిపించిన ఆ పడిపోవడం మలినం చేసిన పని కావచ్చు.

అనుమానం రావడం వేరు, నిరూపించడం వేరు. బీజింగ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లో ఒక బృందం కాపర్ సల్ఫైడ్‌నీ, కాపర్ సల్ఫైడ్ కలిసిన ఎల్‌కే-99నీ తీసుకుని, వేడి చేస్తూ ఒకసారి, చల్లారుస్తూ ఒకసారి కొలిచింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడలేదు. వేడెక్కేటప్పుడు మార్పు ఒక చోట, చల్లారేటప్పుడు ఇంకో చోట జరిగింది. అయస్కాంత క్షేత్రం లేనప్పుడు సూపర్‌కండక్టర్‌గా మారే పదార్థంలో ఇలాంటి ఎడం రాదు. స్ఫటికం ఒక అమరిక నుంచి ఇంకో అమరికకు మారేటప్పుడు వస్తుంది. తర్వాత జర్మనీలో స్టుట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు గంధకం ఊసే లేకుండా శుద్ధమైన స్ఫటికాలు పెంచారు. అవి ఊదారంగులో, పారదర్శకంగా వచ్చాయి. నిరోధం లక్షల ఓమ్‌లలో ఉంది. సూపర్‌కండక్టర్ మాట దేవుడెరుగు, కరెంటే పోనివ్వని పదార్థం అది. మన ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో అవానా బృందం కూడా మొదటి రోజుల్లోనే దీన్ని తయారుచేసి చూసి, సూపర్‌కండక్టర్ లక్షణాలు కనిపించలేదని చెప్పింది.

ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది బీజింగ్ వాళ్లు చేసిన పని. వేడెక్కేటప్పుడు ఒకసారి, చల్లారేటప్పుడు ఒకసారి కొలవడం. ఈ పని మా ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లలూ చెయ్యగలరు. చెయ్యనివ్వం, అంతే.

బీటెక్ మొదటి సంవత్సరంలో ఎనర్జీ గ్యాప్ ప్రయోగం, అంటే అర్ధవాహకంలో ఎలక్ట్రాన్ విడివడి కదలడానికి ఎంత శక్తి కావాలో కొలిచే ప్రయోగం, దాదాపు అందరూ చేసే ఉంటారు. జెర్మేనియం డయోడ్‌ని నూనెలో ముంచి, రివర్స్ బయాస్ ఇచ్చి (అంటే కరెంటు తేలిగ్గా పోని దిశలో కలిపి), ఓ 70 డిగ్రీల దాకా వేడిచేసి హీటర్ ఆపేస్తారు. చల్లారుతుండగా 5 డిగ్రీలకోసారి మైక్రో అమ్మీటర్ చూసి కరెంటు రాసుకుంటారు. కరెంటు లాగరిథమ్‌ని ఉష్ణోగ్రత విలోమంతో గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలు నుంచి 0.7 ఎలక్ట్రాన్ వోల్ట్ దరిదాపుల్లో జవాబు వస్తుంది. మాన్యువల్ అడిగేది చల్లారేటప్పటి రీడింగులే. నేను మాత్రం వేడెక్కేటప్పుడూ రాయమంటాను. అప్పుడు రెండు గీతలొస్తాయి. వెంటనే, "మేడమ్, ఏది రైటు?" అని అడుగుతారు.

ఆ ప్రశ్న పుట్టాక అరగంట ల్యాబ్ ల్యాబ్‌లా ఉంటుంది. థర్మామీటర్ బల్బు ఒక చోట, డయోడ్ ఇంకో చోట ఉన్నాయని ఎవరో ఒకరు గమనిస్తారు. నూనె అడుగున వేడిగా, పైన చల్లగా ఉందని ఇంకొకరు అంటారు. కలుపుతూ ఉంటే ఏమవుతుంది, హీటర్ నెమ్మదిగా పెంచితే ఏమవుతుంది అని చేసి చూస్తారు. బాగా కలిపి, నెమ్మదిగా వేడిచేస్తే రెండు గీతలూ దగ్గరకొస్తాయి. వేడి డయోడ్‌కి ఆలస్యంగా చేరుతోందని అప్పుడు అర్థమవుతుంది. బీజింగ్‌లో రెండు గీతలు విడిపోవడానికి కారణం వేరు, మా దగ్గర వేరు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒక్కటే. ఈ తేడా పదార్థంలో ఉందా, నా కొలతలో ఉందా?

పరిశోధనంటే చాలా భాగం ఈ ప్రశ్నతో కుస్తీ పట్టడమే. 1923లో కలకత్తాలో సి.వి. రామన్ శిష్యుడు కె.ఆర్. రామనాథన్ నీటిలో కాంతి చెదరడం మీద పనిచేస్తుండగా, ఉండకూడని ఒక బలహీనమైన కాంతి కనిపించింది. మలినమేమో అనుకుని నీటిని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. ఎంత శుద్ధి చేసినా ఆ కాంతి పోలేదు. పోలేదు కాబట్టే అది మర్చిపోకూడని విషయమైంది, 1928లో రామన్ ఎఫెక్ట్‌గా ప్రపంచానికి తెలిసింది. ఎల్‌కే-99ని శుద్ధి చేస్తే దాని మహత్తంతా పోయింది. రెండు చోట్లా చేసిన పని ఒకటే. జవాబు ఎటు వచ్చినా ఒప్పుకునే ధైర్యంతో చేశారు.

ఇప్పుడు మన ల్యాబుల సంగతి. ఇంటర్ నుంచి మా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి ఒక అలవాటు వేళ్లూనుకుని ఉంటుంది. ముందు జవాబు తెలుసుకుంటారు, దాన్నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రీడింగుల దాకా వస్తారు. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని ఆఖరి అంకెలు కాస్త అటూ ఇటూ మారుస్తారు. గ్రాఫులో చుక్కలన్నీ స్కేలు పెట్టి కొట్టినట్టు గీత మీదే కూర్చుంటాయి. రికార్డులో ఎక్కడా కొట్టివేత ఉండదు. కొట్టివేత ఉంటే సంతకం పెట్టరని వాళ్ల భయం. చాలా చోట్ల నిజంగానే పెట్టరు.

లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగం చూడండి. ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి ఏళ్లుగా 30 మార్కులు. లోలకం వచ్చినవాళ్లు అదృష్టవంతులని చెప్పుకుంటారు, ఎందుకంటే జవాబు ముందే తెలుసు. సెకను స్క్వేర్‌కి 981 సెంటీమీటర్లు, లేదా 980. నేను చూసిన రికార్డుల్లో ఈ రెండు అంకెలే తిరుగుతుంటాయి. నిజానికి హైదరాబాద్ అక్షాంశానికీ ఎత్తుకీ లెక్క వేస్తే గురుత్వ త్వరణం 978 దగ్గరుంటుంది. భూమధ్యరేఖకి దగ్గరవుతున్న కొద్దీ అది తగ్గుతుంది. 981 యూరప్ అక్షాంశాల విలువ. అంటే హైదరాబాద్‌లో చేసిన ప్రయోగానికి యూరప్ జవాబు రాస్తున్నారు, మనం టిక్కు కొడుతున్నాం. ఇందులో తేడా 0.3 శాతమే, స్టాప్‌వాచ్‌తో ఇంటర్ కుర్రాడు దాన్ని పట్టుకోలేడు. నిజాయితీగా కొలిస్తే ఒకడికి 965, ఇంకొకడికి 992 రావచ్చు. తప్పేం లేదు. ఆ 965 ఎందుకొచ్చిందో పది నిమిషాలు మాట్లాడగలిగితే వాడికి ఫిజిక్స్ వచ్చినట్టే. మన పద్ధతిలో 965 రాసిన పిల్లాడికి మార్కు పోతుంది, 981 అని కట్టుకథ రాసిన పిల్లకి ఫుల్ మార్కులొస్తాయి.

ఇది చిన్న విషయమనుకునేవాళ్లకి 2018 నాటి సంగతి ఒకటి చెప్పాలి. బెంగళూరు ఐఐఎస్‌సీ నుంచి బంగారం, వెండి నానో నిర్మాణాల్లో 236 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకి 37 డిగ్రీల కింద, సూపర్‌కండక్టివిటీ కనిపించిందని ఒక పేపర్ వచ్చింది. అప్పుడు ఎంఐటీలో ఉన్న బ్రయాన్ స్కిన్నర్ ఆ గ్రాఫు చూసి ఒక విషయం పట్టుకున్నాడు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో కొలిచిన రెండు గీతల్లో, పైకీ కిందకీ వణికే సన్నటి నాయిస్ అచ్చు ఒకేలా ఉంది. నాయిస్ రెండోసారి అలాగే రాకూడదు. అది ఎలా వచ్చిందన్న చర్చ చాలాకాలం నడిచింది. రచయితలు మరుసటి ఏడాది పేపర్‌ని విస్తరించి మళ్లీ పెట్టారు, కానీ ఆ వాదన శాస్త్ర ప్రపంచంలో నిలబడలేదు. నేను ఇక్కడ చెప్పదలుచుకున్నది స్కిన్నర్ కన్ను గురించి. అందరూ గీత ఎక్కడ పడిపోతోందో చూస్తుంటే ఆయన గీత ఎలా వణుకుతోందో చూశాడు. వణుకే లేని గ్రాఫులు గీస్తూ పెరిగిన పిల్లలకి ఆ కన్ను ఎక్కణ్ణించి వస్తుంది?

ఇంతలో విద్యా టెక్నాలజీ వచ్చింది. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ ప్రాజెక్టులో ఐఐటీలూ, మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ లాంటి సంస్థలూ వందల ప్రయోగాలు తయారుచేశాయి. కోవిడ్ రోజుల్లో అవే దిక్కయ్యాయి, ఆ రుణం మర్చిపోను. 2020 జాతీయ విద్యావిధానం కూడా వర్చువల్ ల్యాబుల్ని పెంచమంటోంది. అయితే నేను వాడిన చాలా వర్చువల్ ప్రయోగాల్లో మీట నొక్కితే ఫార్ములా లెక్కేసిన అంకె తెర మీదకొస్తుంది. థర్మామీటర్ ఆలస్యం చెయ్యదు, కాంటాక్ట్ లూజ్ అవ్వదు, ఎన్నిసార్లు చేసినా అదే అంకె. మన పిల్లలు రికార్డులో కష్టపడి అబద్ధంగా తయారుచేసే శుభ్రత అక్కడ ఉచితంగా దొరుకుతోంది. కొన్ని కాలేజీల యాజమాన్యాలకి ఇది చౌక బేరంలా కనిపిస్తోంది. పరికరాలు కొనక్కర్లేదు, రిపేర్లు అక్కర్లేదు, ల్యాబ్ అసిస్టెంటూ అక్కర్లేదు.

సిమ్యులేషన్ల మీద నాకు కోపం లేదు. కొలరాడో యూనివర్సిటీలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్ల మీద 2005లో నోవా ఫింకెల్‌స్టీన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. కొందరు విద్యార్థులు నిజం బల్బులూ వైర్లతో, మరికొందరు తెర మీద సర్క్యూట్లు కట్టారు. తెర మీద నేర్చుకున్నవాళ్లకే సర్క్యూట్ల భావన బాగా అర్థమైంది. నిజమైన సర్క్యూట్ కట్టమన్నప్పుడు కూడా వాళ్లే మెరుగ్గా కట్టారు. ఎలక్ట్రాన్లు కదులుతున్నట్టు తెర చూపించగలదు, వైరు చూపించలేదు. కాబట్టి భావన అర్థం కావడానికైతే తెరే మంచిదని నేనూ ఒప్పుకుంటాను, నా క్లాసులో వాడతాను కూడా.

అసలు ల్యాబ్ ఉన్నది పాఠం అర్థం కావడానికేనా అన్నది ఇంకో ప్రశ్న. నటాషా హోమ్స్, వీమన్, వాళ్ల సహచరులు అమెరికాలో మూడు విద్యాసంస్థల్లోని తొమ్మిది ఫిజిక్స్ ల్యాబ్ కోర్సుల్ని పరిశీలించారు. క్లాసులో చెప్పిన పాఠాన్ని బలపరచడానికని పెట్టిన ల్యాబుల వల్ల పరీక్ష మార్కుల్లో కొలవదగ్గ లాభమేమీ కనపడలేదు. ఇది చదివినప్పుడు నాకు బాధేసింది, తర్వాత తేలికగానూ అనిపించింది. సిద్ధాంతం చెప్పే బాధ్యత ల్యాబు భుజాల మీంచి దించేయొచ్చు. కొలవడం, అనుమానించడం, మళ్లీ కొలవడం, ఇవి ల్యాబు తప్ప ఇంకెవరూ నేర్పలేరు. దాని సమయమంతా వాటికే ఇవ్వొచ్చు.

అలా ఇస్తే ఏమవుతుందో కూడా హోమ్స్, వీమన్, డగ్ బాన్ 2015లో చూపించారు. కెనడాలో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియాలో మొదటి సంవత్సరం పిల్లలకి లోలకమే ఇచ్చారు. 10 డిగ్రీల ఊపుతో ఒకసారి, 20 డిగ్రీల ఊపుతో ఒకసారి ఆవర్తన కాలం కొలవమన్నారు. ఊపు ఎంతున్నా కాలం మారదని పుస్తకంలో ఉంటుంది. అది చిన్న కోణాలకి చెప్పే ఉజ్జాయింపు. మీటరు లోలకానికి లెక్క వేసి చూడండి. 20 డోలనాలకి 10 డిగ్రీల దగ్గర 40.26 సెకన్లు, 20 డిగ్రీల దగ్గర 40.49 సెకన్లు వస్తాయి. తేడా పావు సెకను కన్నా తక్కువ. స్టాప్‌వాచ్ నొక్కడంలో వేలు చేసే తడబాటు కూడా దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి మొదటిసారి కొలిస్తే తేడా దొరకదు, పుస్తకం నిజమే అనిపిస్తుంది. అక్కడితో వదిలెయ్యకుండా, కొలతను మెరుగుపరిచి మళ్లీ చూడమన్నారు. 50 డోలనాలు లెక్కపెడితే తేడా అర సెకను దాటుతుంది, తడబాటు మాత్రం అంతే ఉంటుంది. అంతసేపు ఊగేసరికి గాలి వల్ల ఊపు తగ్గిపోతుంది కాబట్టి ఆ సంగతీ చూసుకోవాలి. అలా చూసుకున్న పిల్లలకి పుస్తకంలో మాట పూర్తి నిజం కాదని తమ చేతులతోనే తెలిసింది. ఇలా నేర్చుకున్నవాళ్లు, చెప్పకుండానే తమ ప్రయోగ పద్ధతిని మెరుగుపరచడమో, మార్పులు సూచించడమో మామూలు పద్ధతిలో నేర్చుకున్నవాళ్లకంటే 12 రెట్లు ఎక్కువగా చేశారు.

దారం, గుండు, స్టాప్‌వాచ్. మన ఏ జూనియర్ కాలేజీలో లేవు ఇవి?

ఇక ఏఐ వచ్చాక ఈ కొలిచే విద్యతో పనేముందనేవాళ్లూ ఉన్నారు. 2023 నవంబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ నుంచి ఎ-ల్యాబ్ అనే రోబో ప్రయోగశాల గురించి పేపర్ వచ్చింది. ఏఐ సలహాతో రోబోలే పొడులు కలిపి, కాల్చి, ఎక్స్‌రే తీసి, 17 రోజుల్లో 58 లక్ష్యాల్లో 41 కొత్త పదార్థాలు తయారుచేశాయన్నారు. లండన్‌లో రాబర్ట్ పాల్‌గ్రేవ్, ప్రిన్స్‌టన్‌లో లెస్లీ షూప్, వాళ్ల సహచరులు ఆ ఎక్స్‌రే గ్రాఫుల్ని కూర్చుని ఒక్కొక్కటే చూశారు. కొత్తవన్నవాటిలో మూడింట రెండు వంతులు బహుశా ముందే తెలిసిన పదార్థాలేననీ, పరమాణువుల అమరిక క్రమం తప్పి ఉండటాన్ని యంత్రం గుర్తించలేదనీ, వాటిలో కొత్త పదార్థమేదీ లేదనీ చెప్పారు. యంత్రం పని అద్భుతమే, రాత్రింబవళ్లు చేసింది. గ్రాఫులో శిఖరాలు లెక్కకి సరిగ్గా అతకని చోట ఆగి, ఎందుకని అడగాల్సింది మాత్రం మనుషులే. ఇకమీదట పదార్థాల పేర్లు లక్షల్లో వచ్చిపడతాయి. వాటిని చూసి ఇది మలినం, ఇది నిజం అని చెప్పగలిగేవాళ్ల అవసరం ఇంకా పెరుగుతుంది. ఆ ఉద్యోగాలకి మన పిల్లలు తయారుగా ఉండాలని నా ఆశ.

టెక్నాలజీ మీద పెట్టే డబ్బు కూడా ఈ వైపు పెట్టొచ్చు. జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీవాళ్లు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ యాప్ ఉచితం. ఫోన్‌లో ఉన్న యాక్సెలరోమీటర్, మైకు, అయస్కాంత సెన్సార్లని అది కొలత పరికరాలుగా మారుస్తుంది. రెండు ఫోన్లు 5 మీటర్ల దూరంలో పెట్టి, ఒక్కో ఫోను పక్కన ఒకరు నిలబడి, ఒకరి తర్వాత ఒకరు చప్పట్లు కొడితే, రెండు చప్పట్ల మధ్య ఒక్కో ఫోను కొలిచిన సమయాల తేడా 29 మిల్లీ సెకన్లు ఉంటుంది, అంటే ధ్వని 10 మీటర్లు వెళ్లే సమయం. అందులోంచి ధ్వని వేగం వచ్చేస్తుంది. ఫ్యాన్ తిరుగుతుంటే, పక్క క్లాసులో గోల ఉంటే రీడింగు చెడిపోతుంది. చెడిపోవాలి కూడా, అప్పుడే కదా మాట్లాడుకోవడానికి ఏదైనా ఉండేది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ తయారుచేసిన ఎక్స్‌పైస్ (ExpEYES) పెట్టె అరచేతిలో పడుతుంది. యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలిస్తే, వోల్టేజి హెచ్చుతగ్గుల్ని తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోప్‌గా పనిచేస్తుంది. ఇవి కూడా విద్యా టెక్నాలజీయే. నిజమైన కొలతని, దాని వణుకుతో సహా, పిల్లాడి చేతిలో పెడతాయి.

టైము చాలదని తోటి టీచర్లు అంటారు. నిజమే. మూడు గంటల ల్యాబులో 30 మందిని పెట్టుకుని ఇన్ని ప్రశ్నలకి జవాబు చెప్పలేం. అందుకే ప్రయోగాల సంఖ్య సగానికి తగ్గించమంటాను. పన్నెండు ప్రయోగాల బదులు ఆరు చాలు, ఒక్కోటి రెండు వారాలు. మొదటి వారం కొలవడం, రెండో వారం అదే ప్రయోగాన్ని ఏదో ఒకటి మార్చి మళ్లీ కొలవడం. రఫ్ కాగితం, ఫెయిర్ రికార్డు అని రెండు పెట్టడం మానెయ్యాలి. ఒక్కటే పుస్తకం, పెన్నుతో రాయాలి, తప్పయితే కింద అంకె కనపడేలా ఒక్క గీత కొట్టి పక్కన కారణం రాయాలి. ఎక్స్‌టర్నల్‌గా వచ్చేవాళ్లు ఆ కొట్టివేతల దగ్గర వేలు పెట్టి వైవా అడగాలి. జవాబు విలువకి వేసే మార్కులు తీసేసి, రెండోసారి కొలిచినందుకూ, తేడాకి కారణం వెతికినందుకూ వెయ్యాలి. ఇంటర్ బోర్డులు, యూనివర్సిటీలు మార్కుల పట్టిక మారిస్తే ఇది ఒక్క ఏడాదిలో అన్ని ల్యాబులకీ వెళ్తుంది. వాళ్లు మార్చేదాకా ఇంటర్నల్ మార్కులు మన చేతుల్లోనే ఉన్నాయి. ఎనర్జీ గ్యాప్ ప్రయోగంలో వేడెక్కేటప్పటి రీడింగులు కూడా రాయమనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.